బావ రుచి చూసిన నీళ్ళు

మొన్న ఆదివారం పొద్దున్న పేపరు కోసం కిందికి దిగేసరికి, దువ్వాడలో మేముంటున్న అపార్ట్‌మెంటు సెల్లారులో, రెండు కార్ల మధ్య చోటు చేసుకుని, మూడో అంతస్తు పెద్దమనిషి ఒక పడవ మోటారుకి సర్వీసింగు చేస్తూ కనిపించాడు. చేస్తూ అనడం మర్యాద కోసం. చేతులకి నీలం రంగు గ్లవుజులు తొడుక్కుని, ఎదురుగా కుర్చీ మీద ఫోను నిలబెట్టి, పీటల మీద పెళ్ళికొడుకు పురోహితుడి మొహం చూసినట్టు ఆ ఫోను మొహం చూస్తూ, అందులో ఎవరో చెబుతున్నదాన్ని ఆపి ఆపి వింటున్నాడు. ముప్పై ఏళ్ళు ఆఫీసులో సంతకాలు పెట్టి రిటైరయ్యాక ఈయనకి సముద్రం మీద మనసు పుట్టింది. స్నేహితుడితో కలిసి ఒక రబ్బరు పడవా, దాని వెనక తగిలించే చిన్న మోటారూ కొన్నాడు. నెలకో ఆదివారం వెళ్ళి గాలం వేసి, అరచెయ్యంత చేప పడితే దానితో పది ఫొటోలు దిగి అపార్ట్‌మెంటు వాళ్ళందరికీ ఫోన్లలో పంపిస్తాడు. ఆ చేపని మా అక్క చూస్తే పిల్లికి వేస్తుంది.

మోటారుని ఇనప స్టాండుకి బిగించి, అది నీళ్ళు పీల్చుకునే చోట చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోనులాంటి రబ్బరు మూతలు తగిలించి, దానికి తోట పైపు కలిపి, పైపు రెండో కొస బోరు కుళాయికి తొడిగాడు. తాడు లాగితే స్టార్టయింది. పక్కనున్న చిన్న కంతలోంచి సన్నటి ధార పడింది. ఫోనులో వాళ్ళు పది నిమిషాలన్నారు కాబోలు, ఆ ఫోనులోనే పది నిమిషాలకి గంట పెట్టుకుని, చేతులు కట్టుకుని, పెద్ద పని చక్కబెట్టినవాడిలా నిలబడ్డాడు. ఆ పది నిమిషాల్లో ఒక్కసారి ఆ ధార కింద వేలైనా పెట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పాలంటే మా బావ పెరట్లోకి వెళ్ళాలి.

గాజువాక దాటి సముద్రం వైపు వెళితే ఉన్న ఊరు మాది. మా అక్క మొగుడికి అక్కడ ఒక ఫైబరు పడవ, దాని వెనక చెక్కకి బిగించే మోటారు ఒకటి ఉండేవి. ఈ మోటార్ల సంగతి తెలియనివారి కోసం ఒక్క మాట చెప్పాలి. ఇది సముద్రం నీళ్ళనే లోపలికి పీల్చుకుని, ఒళ్ళు చల్లబరుచుకుని, ఆ నీళ్ళని పక్కనున్న కంతలోంచి బయటికి వదిలేస్తుంది. ఆ ధార పడుతున్నంతసేపూ ఇంజను క్షేమం, ఆగిందంటే కాసేపట్లో వేడెక్కి బిగుసుకుపోతుంది. మా ఊళ్ళో ఆ ధారని ఇంజను ఉచ్చ అనేవారు. నా ఈడు పాఠకులు ఇంతకన్నా మోటు మాటలు విన్నవారే కనుక సిగ్గుపడకుండా రాస్తున్నాను. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, పీల్చిన ఉప్పునీరు లోపలి దారుల్లో ఆరితే ఉప్పు గడ్డకట్టి ఆ దారులు మూసుకుపోతాయి. అందుకని వారానికోసారి మోటారుని ఇంటికి తెచ్చి మంచినీళ్ళు తాగించాలి.

బావ ఆదివారం వేటకి వెళ్ళేవాడు కాదు. చర్చిలో ప్రార్థన అయ్యాక తెల్ల చొక్కా విప్పి మేకుకి తగిలించి, లుంగీ ఎగ్గట్టి, పెరట్లో రెండు సరుగుడు గుంజల మధ్య కొట్టిన చెక్కకి మోటారుని బిగించేవాడు. దాని కాళ్ళు మునిగేలా కింద సగానికి కోసిన నీలం డ్రమ్ము. ఆ డ్రమ్ములోకి నీళ్ళు వీధి చివర కుళాయి నుంచి మా అక్క మోసుకురావాలి. డ్రమ్ముకి ఆరు బిందెలు, ఒక్క డ్రమ్ముతో అయ్యేది కాదు కనుక మళ్ళీ ఆరు. బావ ప్రతి బిందెలోంచీ చారెడు నోట్లో పోసుకుని, పుక్కిలించి, అప్పుడు గానీ డ్రమ్ములో పోయనిచ్చేవాడు కాదు. మోటారు స్టార్టు చేశాక ఆ ధార కింద అరచెయ్యి పట్టేవాడు. నూనె తెట్టు, పెట్రోలు కంపు ఉన్న ఆ నీళ్ళని నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని ఆలోచించి, ఉమ్మేసేవాడు. కాసేపాగి మళ్ళీ. ఉప్పు పూర్తిగా పోయి, పోసిన నీళ్ళ రుచే బయటికొచ్చిన నీళ్ళకీ ఉందని నాలిక ఒప్పుకున్నాకే ఇంజను ఆపేవాడు. తరవాత ప్లగ్గు విప్పి పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో మసి దులిపి, గేరు ఆయిలు రెండు చుక్కలు వేళ్ళ మధ్య నలిపి, అది పాలు కలిపిన టీ రంగులోకి తిరగలేదు కనుక లోపలికి నీరు దిగలేదని తృప్తి పడి, గ్రీజు పూసి లేచేవాడు. పన్నెండయ్యేది.

నాకది పరమ అసహ్యంగా ఉండేది. నేను ఐటీఐ పాసై, స్టీలు ప్లాంటులో ఫిట్టరుగా కొత్తగా చేరినవాణ్ణి. తలకి హెల్మెట్టు, కాళ్ళకి ఇనప ముక్కు బూట్లు, జేబులో వెంట్రుక మందాన్ని కూడా కొలిచే పరికరం. కొలవనిది నమ్మకూడదని మా ఫోర్‌మన్ చెప్పిన మాటని బైబిలు వాక్యంలా పట్టుకున్నాను. ఆదివారం నా సైకిలు మీద వెళ్ళి అక్క వండిన చేపల పులుసు తింటూ, ఆ పెరట్లో మనిషిని చూసి, మా అక్క కర్మ కాలి ఎవరికి దొరికిందిరా అనుకునేవాణ్ణి. క్యాంటీనులో ఈ సంగతి కథలా చెప్పి అందరినీ నవ్వించాను కూడా. దాని ఫలితంగా ఇంజను ఉచ్చ తాగేవాడి బామ్మర్ది అని నాకే పేరు పెట్టారు, అప్పట్నుంచీ బావ మీద చులకన కోపంగా మారింది. ఒక ఆదివారం ఉండబట్టలేక, ఇంజనుకేమైనా నాలికుందా, నీళ్ళ రుచి దానికేం తెలుస్తుంది అని అడిగేశాను.

"దానికి నేదు గదా బావ," అన్నాడాయన ఉమ్మేసి (మా వైపు బామ్మర్దిని కూడా బావా అనే పిలుస్తారు), "అందుకే నాది పెడతన్నాను."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు, మళ్ళీ చెయ్యి పట్టాడు.

కొన్నాళ్ళకి నేను గాజువాకలో చిన్న ఇల్లు కట్టుకున్నాను, బోరు వేయించాను. స్విచ్చి నొక్కితే నీళ్ళు. ఆ వేసవిలో, చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలు వేట ఆపేసే కాలం రాగానే, అక్కకి నడుం పట్టేసి బిందె ఎత్తలేకపోయింది. ఇదే అదనని, మోటారు మా ఇంటికి తెచ్చేస్తే నేనే పద్ధతిగా సర్వీసింగు చేసి, వేట మొదలయ్యేనాటికి అప్పగిస్తానని చెప్పాను. అక్క మొహం వెలిగింది. బావ మాత్రం మోటారుని ఆటోలో ఎక్కిస్తూ ఒక్కటే అడిగాడు.

"నీరు నోట్లో ఏసుకుని సూసి పొయ్యి బావ. అంతే."

అలాగేనన్నాను. అన్నవాణ్ణి చెయ్యలేదు. మా బోరు నీళ్ళు మేమూ నోట్లో పోసుకునేవాళ్ళం కాదు, స్నానాలకీ బట్టలకీ వాడుకుని, తాగడానికి వీధి కుళాయి పట్టుకునేవాళ్ళం. ఆ నీళ్ళతో కడిగిన గిన్నెలు ఆరితే తెల్లటి చారలు కట్టేవి, మా ఆవిడ వాటిని చింతపండుతో తోమి వదలగొట్టేది. ఇవన్నీ కళ్ళెదురుగా ఉన్నవే. కానీ సముద్రాన్ని తాగే ఇంజనుకి బోరు నీళ్ళు ఒక లెక్కా అనుకున్నాను. తొట్టి నింపి, స్టార్టు చేసి, పెళ్ళిలో పెట్టిన చేతిగడియారం చూసుకుంటూ సరిగ్గా పది నిమిషాలు నడిపించాను. ప్లగ్గు సందు కొలిచి సరిచేశాను, గేరు ఆయిలు కొలిచి పోశాను, పైన పాలిషు కూడా పెట్టి, పాత దుప్పటి కప్పి వరండాలో రెండు నెలలు నిలబెట్టాను. వచ్చినవాళ్ళకల్లా దుప్పటి తీసి, మళ్ళీ తొట్టి నింపి స్టార్టు చేసి చూపించేవాణ్ణి. దాని కడుపులో నా బోరు నీళ్ళు ఆరుతున్నాయని నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఒక్క చుక్క చాలు, ఆ చుక్కకి నా నాలిక ఒప్పుకోలేదు.

వేట మొదలైన రోజు సెలవు పెట్టి మరీ ఒడ్డుకి వెళ్ళాను. ఒక్క లాగుకే మోటారు అందుకుంది. చుట్టుపక్కల పడవలవాళ్ళు మెచ్చుకుంటే, నేను ఇసకలో బూట్లతో నిలబడి పొంగిపోయాను. బావా, ఆయన తమ్ముడూ రేవు బయట తమ వంతు కోసం ఆగిన ఓడలు దాటి వెళ్ళారు. మధ్యాహ్నానికి ఒక్కొక్క పడవే తిరిగొచ్చింది, మా పడవ రాలేదు. సాయంత్రమైనా రాలేదు. అక్క ఒడ్డున కూర్చుంది, నడుం నొప్పి సంగతే మరిచిపోయింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. తెల్లారింది, పడవ జాడ లేదు. వెతకడానికి వెళ్ళిన పడవలు ఉత్తినే వచ్చాయి. అప్పుడు మా అక్క నా వైపు తిరిగి, నాకు ధైర్యం చెబుతున్నట్టుగా అంది.

"నువ్వు బాగుసేసిన ఇంజనే గదా తమ్ముడూ. ఏటీ అవదు."

ఈ వయసులో కూడా ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

మిట్టమధ్యాహ్నం వేరే ఊరి పడవ ఒకటి బావ పడవని తాడు కట్టి లాక్కొచ్చింది. ఓడలు దాటాక ధార సన్నబడి ఆగిపోయిందట, ఒడ్డు వైపు తిప్పేలోపు ఇంజను బిగుసుకుపోయిందట, నీటివాలు లాగేస్తుంటే ఇద్దరూ తెడ్లు వేసి వేసి చేతులు పుండ్లు చేసుకున్నారు. బావ పెదాలు పగిలిపోయి ఉన్నాయి. అక్క ఇచ్చిన చెంబు నీళ్ళు ఎత్తిన చెంబు దించకుండా తాగి పడుకున్నాడు.

మర్నాడు పెరట్లో మోటారు హెడ్డు విప్పాడు, నేను పక్కన స్పానర్లు అందిస్తూ కూర్చున్నాను. నీళ్ళు తిరిగే దారులన్నీ తెల్లగా పూడుకుపోయి ఉన్నాయి. సముద్రం ఉప్పేనని నేను తొందరపడి అన్నాను. బావ గోటితో చిటికెడు గీకి నాలిక మీద వేసుకున్నాడు. నేను చూడని రుచి ఆయన చూశాడు. తరవాత ఇంకో చిటికెడు గీకి నా అరచేతిలో వేశాడు.

"ఇది సంద్రపుప్పు కాదు బావ. నీ బోరు."

నేనూ నాలిక మీద వేసుకున్నాను. నా జన్మలో మొదటిసారి. ఉప్పు కాస్తే, మిగిలినదంతా పలకబలపం నమిలినట్టు సున్నపు చేదు, మా గిన్నెల మీది తెల్ల చారలు. అప్పుడే అక్క టీ గ్లాసులు పట్టుకుని వచ్చి, ఏమైంది ఇంజనుకి అని అడిగింది. బావ నా వైపు చూడలేదు. అది ముసలి ఇంజననీ, దాని ఆయుస్సు అయిపోయిందనీ చెప్పి గ్లాసు అందుకున్నాడు. నేనూ నా గ్లాసు అందుకున్నాను. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు, నేను మాత్రం టీ ఊదుకుంటూ కూర్చున్నాను.

ఆ మోటారు మళ్ళీ లేవలేదు. సొంత పడవ ఉన్న మనిషి రెండేళ్ళు ఇంకొకరి పడవలో వలలు లాగాడు. నన్ను ఒక్క మాట అనలేదు, ఆదివారాలు పిలవడం మానలేదు, పులుసులో తలకాయ ముక్క నాకే వేయించేవాడు. తిట్టి ఉంటే ఎదురు తిట్టి తేలికపడేవాణ్ణి, అంత మర్యాద కూడా దక్కలేదు నాకు.

సెల్లారులో ఫోను గంట మోగేలోపు ఇదంతా కళ్ళ ముందు తిరిగింది. కాళ్ళు ఆగక వెళ్ళి ఆ ధార కింద అరచెయ్యి పట్టి నాలిక మీద వేసుకున్నాను. సందేహం లేదు, సున్నమే. బోరు పైపు తీసి అవతలి మునిసిపాలిటీ కుళాయికి పెట్టమనీ, గంట మోగిందని కాదు, నోట్లో వేసుకుని రుచి చూసి ఆపమనీ ఆ పెద్దమనిషికి చెప్పాను. సముద్రాన్ని తాగే ఇంజనుకి బోరు నీళ్ళు ఒక లెక్కా అన్నట్టే ఏదో ఇంగ్లీషులో అన్నాడు. తరవాత నా చెయ్యి చూశాడు, తడిసిన నా పెదాలు చూశాడు, జేబులోంచి కాగితపు రుమాలు తీసి చివర్లు పట్టుకుని అందించాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. అక్క పెరట్లో, చేపల పులుసు కంచం ముందు కూర్చుని, ప్రతి ఆదివారం బావ వైపు నేను చూసిన చూపే అది.

ఇప్పుడు ఒడ్డున ఎవరింటి పెరట్లోనూ డ్రమ్ము లేదు. మోటారుకి జ్వరమొస్తే దుకాణానికి తీసుకెళితే, ఏం పోయిందో చూడకుండానే ముక్కకి ముక్క మార్చి పంపిస్తారు. ఇళ్ళలో తాగేది డబ్బా నీళ్ళు, వాటికి ఉప్పూ లేదు, తీపీ లేదు. వాటికి అలవాటుపడ్డ నాలికలు ఉప్పు రుచిని ఎక్కడని పట్టుకుంటాయి? రుచి తెలియని పెద్దరికంతో మనం మాత్రం కొలతలు చెబుతూ బతికేస్తున్నాం.

బావ పోయి మూడేళ్ళయింది. అక్క ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. భోజనాల దగ్గర పాత సంగతులు వస్తే, కొత్త ఇంజను కొనకుండా ముసలిదాన్ని నమ్ముకుని రెండు రోజులు తన ప్రాణం తోడేశాడని, మా బావకి ఇంజన్ల సంగతి ఏనాడూ తెలియలేదని, నాలాంటి చదువుకున్నవాడి చేతిలో పెట్టినా దాన్ని కాపాడుకోలేకపోయాడని ఈసడిస్తుంది. నేను తల వంచుకుని అన్నం కలుపుకుంటాను. నిజం చెప్పడానికి మొన్న సెల్లారు నుంచి పైకి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను కూడా. ఏటి తమ్ముడూ అని అడిగితే, ఏమీ లేదని లేచి వచ్చేశాను. తరవాత ఈ కాగితాలు తీసుకుని ఇదంతా రాశాను.

మా అక్కకి చదువు రాదు. ఆ ధైర్యంతోనే రాశాను.