లావెండర్ నూనెకు పెట్టిన పరీక్ష

హైదరాబాద్‌లో బ్యూటీ పార్లర్ పని నేర్చుకుని, మహబూబాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకుని సొంతంగా పార్లర్ పెట్టుకున్నాను. మాది అక్కడికి దగ్గరలోని తండా. పని నేర్పిన మేడమ్ నేను బయలుదేరేటప్పుడు చేతిలో ఒక చిన్న సీసా పెట్టి, "లావెండర్ నూనె. ఘాటెక్కువ. వేరే నూనెలో రెండు చుక్కలు కలిపే వాడు," అని చెప్పింది.

సీసా మీద ఊదారంగు పూల కంకుల బొమ్మ ఉంది. ఆ పువ్వును నేనెన్నడూ చూడలేదు. లంబాడీలో అమ్మను మేం యాడి అంటాం. పార్లర్ చూడ్డానికి వచ్చిన మా యాడి ఆ బొమ్మను ఇటూ అటూ తిప్పి చూసింది.

"గిది గునుగు పువ్వు కాదా బిడ్డా? మన చెల్కల మస్తుంటది. గిట్ల సీసల వోసి అమ్ముతున్నరా?"

"గునుగుకు వాసనెక్కడిది యాడీ?" అని మూత తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాను.

కళ్లు మూసుకుని పీల్చింది. "దవనం లెక్కున్నది. కాదు, సబ్బు లెక్క. జర కర్పూరం గూడ కలిసినట్టున్నది," అంది.

తండాకు వెళ్లినప్పుడు ఒక గునుగు కంకి తెంపి, అరచేతిలో నలిపి వాసన చూశాను. పచ్చిగడ్డి వాసన తప్ప ఏమీ రాలేదు.

కొన్నాళ్లకే తెలంగాణ కోసం పెద్ద సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. బొగ్గు గనుల వాళ్లు కూడా సమ్మెలోకి దిగడంతో కరెంటు కోతలు పెరిగాయి. ముఖానికి ఆవిరి పట్టే మిషన్ మూలన పడింది. ఇక నాకు మిగిలినవి నా రెండు చేతులే.

మా వీధి చివర టీచర్లు టెంటు వేసుకుని దీక్షలో కూర్చునేవారు. ఒక మధ్యాహ్నం అక్కడి నుంచి సైన్సు చెప్పే టీచరక్క వచ్చి కుర్చీలో కూలబడింది.

"చెల్లె, తలకాయ పగులుతున్నది. వారం నుంచి సరింగ నిద్ర లేదు. ఏమన్న చెయ్యి."

కొబ్బరినూనెలో రెండు చుక్కల లావెండర్ కలిపి, కణతలకూ మెడకూ మెల్లగా రుద్దాను. ఊరేగింపుల్లో నడిచి పగిలిన ఆమె పాదాలను గోరువెచ్చని నీళ్లలో పెట్టించాను. చూస్తుండగానే గురక మొదలైంది. గంట దాటాక ఇద్దరు టీచర్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆ రోజు దీక్షలో మాట్లాడాల్సింది ఆమేనట.

మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి తలనొప్పితో కాదు, అనుమానంతో.

"నాకు నిద్ర పట్టింది నీ నూనెకా, నీ చేతులకా?"

అప్పటిదాకా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. "ఒకనాడు ఇది, ఒకనాడు ఉత్త కొబ్బరినూనె రుద్దుత. ఏది రుద్దిన్నో మీకు చెప్ప," అన్నాను.

"వాసన పట్టిస్తది గద పిల్లా!" అని నవ్వింది.

నాలుగు రోజులకు టెంటులో దుమ్మూ గాలీ తగిలి ఆమెకు జలుబు చేసింది. ముక్కు పూర్తిగా దిబ్బడేసింది. ఆమె బాధపడుతుంటే నాకు లోలోపల సంతోషం. ఇంతకంటే మంచి అదను దొరకదు. లావెండర్ కలిపే రుద్దాను. వాసన తెలియకపోయినా హాయిగా నిద్రపోయింది. లేచాక విషయం చెప్పాను.

"అంటే చేతులదే మహిమ అక్కా!"

"అట్ల ఎట్లంటవ్? జలుబుకు గోలి ఏసుకున్న. దానికే మత్తొచ్చిందేమో. అయినా ఒక్క మనిషితోని ఏం తేలుతది?"

ఈ నూనెకు మొటిమలు తగ్గుతాయని కూడా అంటారు, ఆ సంగతైనా తేల్చుకుందామని తొందరపడి ఒక చుక్కను ఏమీ కలపకుండా నా చెంపకే రాసుకున్నాను. కాసేపటికి మంట. పొద్దుగూకేసరికి ఆ చోటంతా ఎర్రగా కందిపోయింది. మేడమ్ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. మూడు రోజులు చున్నీ కప్పుకుని పని చేశాను. టీచరక్క చూసి కోప్పడింది.

"మొఖం మీదనా పరీక్ష? ముందుగాల మోచేతి లోపల కలిపిన నూనె జరంత రాసి ఒక రోజు ఆగాలె."

అప్పటి నుంచి ఎవరికైనా అట్లాగే చేస్తున్నాను. ఆ చెంప మంటతో నేర్చుకున్నది ఏ శిక్షణలోనూ ఒంటబట్టలేదు.

చివరికి టీచరక్క దీక్షలో తలనొప్పి అంటున్న ఆరుగురు ఆడవాళ్లను పిలుచుకొచ్చింది. నోటుబుక్కులో నిలువుగీత కొట్టి ఒకవైపు 'లావెండర్', మరోవైపు 'కొబ్బరి' అని రాసింది. ముగ్గురికి ఆ నూనె, ముగ్గురికి ఈ నూనె. కరెంటు లేదు, గదిలో ఉక్క. ఆరుగురూ నొప్పి తగ్గిందన్నారు. లావెండర్ వైపు ఇద్దరు కునికారు, కొబ్బరి వైపు ఒక్కరు.

"చూసిన్రా అక్కా, లావెండరే గెలిచింది!" అన్నాను.

టీచరక్క పెన్నుతో తలుపు వైపు చూపించింది. నాకోసం సద్ది తెచ్చిన యాడి, గోడకు ఆనుకుని నోరు తెరిచి అందరికంటే గాఢంగా నిద్రపోతోంది. ఆమెకు నేను ఏ నూనే రుద్దలేదు.

"గీమెను ఏ దిక్కు రాయాలె చెల్లె?"

మా నవ్వులకు యాడి ఉలిక్కిపడి లేచి, "అన్నం తిన్నవా?" అని అడిగింది.