నొప్పి మందూ, నా పాఠమూ

యూనివర్సిటీలో నేను సోషల్ వర్క్ బోధిస్తాను. చివరి దశలో ఉన్న రోగి దగ్గర డాక్టరు, నర్సు, కౌన్సెలరు ఎలా కలిసి పనిచేయాలో క్లాసులో గొంతు చించుకుని చెప్పేవాణ్ణి. అలాంటి రోగుల ఇళ్లకు వెళ్లే ఒక బృందం నన్ను కౌన్సెలరుగా రమ్మనేసరికి, వాళ్లకూ నాలుగు ముక్కలు నేర్పుదామని బయల్దేరాను.

మొదటి ఇల్లు యూనివర్సిటీ పక్కన తార్నాకలోనే. ఆ ఇంటి పెద్దమ్మ రిటైరైన లెక్కల టీచరు. క్యాన్సర్ ముదిరి వీపు మీద పుండు పడింది. కట్టు మార్చడమంటే ఆమెకు హడల్. డాక్టరమ్మ నొప్పి మందిచ్చాక నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, మరణాన్ని అంగీకరించడం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. కాసేపటికే పెద్దమ్మ గురక పెట్టింది.

నొచ్చుకుని ఆగిపోయాను.

"ఆపకండి సార్! ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ కట్టు మార్చనివ్వలేదు" అని నర్సు కట్టు మారుస్తూ గుసగుసలాడింది.

ఆనాటి నుంచి అదే పద్ధతి. ముందు మందు, తర్వాత నా పాఠం, ఆపైన కట్టు. నా విద్యార్థులు ఏళ్ల తరబడి చెప్పలేకపోయిన నిజం ఆ ఇంట్లో వైద్యమైంది.

ఒకరోజు పెద్దమ్మ నిద్రపోలేదు. "సారూ, గిదంత మంచిగనే ఉన్నది గని, నేనింక ఎన్ని దినాలుంటనో చెప్పున్రి" అంది.

ఈ ప్రశ్నకు జవాబెలా చెప్పాలో ఏటా పాఠం చెబుతాను. అయినా లేచి, ఎవరూ అడక్కుండానే ఫ్యాను స్పీడు తగ్గించాను.

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. "దినాలు లెక్కబెట్టి చెప్పలేనమ్మా. ఎక్కువ లేవు. నొప్పి లేకుండ మాత్రం చూసుకుంట."

నర్సు పెద్దమ్మ చేయి పట్టుకుంది. ఆమె, "మల్కాజ్‌గిరిల మా చెల్లె ఉన్నది. మాటల్లేక ఏండ్లాయె. తోల్కొస్తరా?" అంది.

అది నా వంతు. వెళ్లి పాఠాలేవీ చెప్పకుండా బతిమాలాను. నా వెంట వచ్చిన చెల్లెలు పెద్దమ్మ గది గుమ్మంలోనే, "గింత చిక్కిపోయినవేందే అక్కా!" అని కోప్పడింది. ఇద్దరూ తిట్టుకుంటూ, ఏడుస్తూ, ఒకే కంచంలో పెరుగన్నం తిన్నారు. చివరిదాకా ఆ చెల్లెలే పక్కన ఉంది.

పెద్దమ్మ పోయాక ఓదార్చడానికి ముగ్గురం వెళ్లాం. ఓదార్పు కౌన్సెలరు పని కనుక గొంతు సవరించుకున్నాను, మాటకు బదులు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ నా వీపు నిమిరింది, నర్సు దూది చేతికిచ్చింది. చెల్లెలు కళ్లు తుడుచుకుని, "జర చాయ్ తాగున్రి సారూ" అంటూ వంటింట్లోకి నడిచింది.