గల్లీ మీద పడ్డ పేరు

మా బావ పోయాడు. పోయిన మంగళవారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయాడు. ఈ రోజుల్లో ఎవరు పోయినా ఆ కరోనా రోగమేనని జనం ముందే తీర్మానించేస్తున్నారు కనుక చెబుతున్నాను, అది కాదు. గుండె ఆగింది. అక్క కేక విని నేను చెప్పులు తొడుక్కునేలోపే మా గల్లీ ఫోన్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా దిగాయి. మహానుభావుడట. దేవుడి లాంటి మనిషట. ఆ చేతులు పంపినవాళ్ళే నిరుడు ఆయన్ని పిచ్చోడన్నారు. వాళ్ళందరికంటే ముందు అన్నవాణ్ణి నేను. అందుకే ఈ నాలుగు ముక్కలు నేను రాస్తేనే న్యాయం. నా చదువు ఆరో తరగతి దగ్గర ఆగింది. తప్పులుంటే పత్రిక వాళ్ళు దిద్దుకుంటారు, వాళ్ళకూ ఏదో ఒక పని ఉండాలి కదా.

బావ అంటే మా అక్క భర్త. మా ఎదురిల్లే. ఊరి నుంచి సూరత్ వచ్చిన మా వాళ్ళందరూ మగ్గాల మీద పడితే, ఈయన సలాబత్‌పురాలో ఒక ఉస్తాద్ దగ్గర చేరి, చీర డిజైన్లను గళ్ళ కాగితం మీద పెద్దగా గీసే పని పట్టాడు. ప్రతి పువ్వులో, ప్రతి ఆకులో ఏ రంగు దారం రావాలో ఒక అంకె వేస్తారు. ఆ అంకెలు చూసి ఇంకొకడు అట్టలకు రంధ్రాలు కొడతాడు, ఆ అట్టల ప్రకారం మగ్గం నేస్తుంది. అందుకని ఆయన చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ఉండేది. పెళ్ళిళ్ళకు కూడా దాంతోనే వచ్చేవాడు. పెళ్ళిపత్రిక చేతికిస్తే ముహూర్తం చూసేవాడు కాదు. "పేరు పెద్దగైంది, జాగ చిన్నగైంది" అని తిరిగి ఇచ్చేవాడు.

"బావా, గళ్ళు నింపి నింపి నీ మొఖం గూడ గళ్ళ కాయితం లెక్కనే అయింది" అనేవాణ్ణి నేను.

"నీ మొఖం ఏ గడిల పట్టదురా బామ్మర్దీ."

మా ఇద్దరికీ నలభై ఏళ్ళు ఇలాగే గడిచింది. ఇప్పుడు నన్ను తిట్టేవాడు లేడు. గల్లీలో ఉన్నవాళ్ళకు తిట్టడం కూడా సరిగా రాదు.

నిరుడు రోగం మా దాకా వచ్చింది. మా గల్లీకి మూడు పక్కలా ఒక పెద్ద సొసైటీ గుర్రపు నాడాలా వంగి ఉంటుంది. ఆ నాడా నడుమ సందులో మా గల్లీ. రోగం వచ్చింది సొసైటీలో. మా ఇళ్ళలో అప్పటికి ఒక్కరికి కూడా లేదు. మూసేయాల్సిన చోట్ల పటాలను సర్కారుకు కంప్యూటర్లో గీసిచ్చే పని ఒక చిన్న కంపెనీ తీసుకుంది. అందులో మా అల్లుడు ఉద్యోగి. బళ్ళూ ఆఫీసులూ బందయ్యాక కంప్యూటర్ మా ఇంటికే తెచ్చుకుని, మా అన్నం తింటూ నక్షాలు గీశాడు. నేను ఊరుకుంటానా? "రోగం యాడున్నదో మా అల్లుడు జెప్తేనే సర్కారుకు ఎరుక" అని గల్లీ అంతా తిరిగి చెప్పాను.

ఆదివారం పొద్దున పోలీసులు బొంగులూ రేకులూ తెచ్చి మా గల్లీని పద్నాలుగు రోజులకు మూసేశారు. సొసైటీ గేటు మాత్రం బార్లా తెరిచి ఉంది. అక్కడివాళ్ళు గేటు దగ్గర నిలబడి, దగ్గుతూ, మమ్మల్ని చూసి ముక్కులు మూసుకున్నారు. నేను పోలీసాయన్ని అడిగాను. ఆయన ఫోన్లో బొమ్మ చూపించి, "నక్షే మే యహీఁ లిఖా హై, కాకా" అన్నాడు. ఇక్కడే రాసి ఉందట. రాసిన మహానుభావుడు మా ఇంట్లోనే ఉప్మా తింటున్నాడని ఆయనకేం తెలుసు?

నవ్వుకోవాల్సిన సంగతే గానీ, అక్క కిడ్నీలు పనిచేయవు. సోమవారం, గురువారం ఆస్పత్రికి పోయి రక్తం కడిగించుకోవాలి. సీల్ పడ్డ గల్లీ మనిషిని వాళ్ళు లోపలికి రానివ్వం పొమ్మన్నారు. సోమవారం తప్పిపోయింది. మంగళవారానికి అక్క పాదాలు ఉబ్బాయి. గురువారం కూడా తప్పితే ఏమవుతుందో ఎవరం నోటితో అనలేదు.

బావ ఆ ఫోను బొమ్మను కళ్ళద్దాలు ఎత్తి చూశాడు, దించి చూశాడు. లేచి మా ఇంటికి వచ్చి అల్లుడి పక్కన కూర్చున్నాడు.

"కొడుకా, ఈ ఎర్రగీత నువ్వే గీసినవా?"

"నేనే పెద్దబాపూ. గీత కరెక్టే ఉన్నది. సొసైటీ చుట్టే ఉన్నది. మన గల్లీ బయటనే ఉన్నది, సూడు."

"గీత మంచిగనే ఉన్నది. పేరు యాడున్నది?"

అల్లుడు చూశాడు. నేనూ చూశాను. గీత వెంట్రుక మందం. ఆ సొసైటీ పేరు, పక్కనే సీల్ అనే మాట, లావు అక్షరాల్లో, సరిగ్గా మా గల్లీ మీద.

"పేరు నేను పెట్టలే. సాఫ్ట్‌వేరే పెట్టుకుంటది. జాగకు నడుమ యాడనో సూసి పెడ్తది."

"గుర్రపు నాడాకు నడుమ ఏముంటది కొడుకా? గాలి ఉంటది. మనం ఆ గాలిల ఉన్నం."

"అందరికీ గీత కనిపిస్తది కదా?"

"సదివేటోడు గీత సూడడు, అక్షరం సూస్తడు. మరి మన గల్లీ పేరేది?"

"చిన్న జాగ కదా పెద్దబాపూ. పేరు పట్టకపోతే అదే దాస్తది."

అప్పుడు నేను దూరాను. అల్లుడి పరువంటే నా పరువు మరి. "బావా, ఇది నీ పెన్సిల్ కాలం కాదు. కంప్యూటర్‌కు సదువు జెప్తవా? పిచ్చి లేసిందా?"

బావ నా వైపు తిరగలేదు. ఉస్తాద్ దగ్గర కొత్తగా చేరినప్పుడు తాను చేసిన తప్పు అల్లుడికి చెప్పాడు. వంకర మామిడిపిందె గీసి, ఎరుపు అంకెను పిందె కడుపులో వేయకుండా వంపు నడుమ వేశాడట. అది పిందెలో పడలేదు, బయటి నేలలో పడింది. అట్టలు కొట్టేవాడు అంకెనే నమ్మాడు. అంచంతా నేల ఎర్రగా, పిందెలు బోడిగా నేసి వచ్చాయి. ఉస్తాద్ చెవి మెలేసి చెప్పిన మాటను ఈయన జీవితాంతం మాకు అప్పజెప్పాడు. "అంకె బొమ్మల ఉండాలె. బొమ్మ పక్కకు గాదు."

"చీర అంటే పాత బట్టలకు ఏసినం" అన్నాడు బావ. "మీ పెద్దమ్మను యాడ ఏద్దాం?"

అల్లుడి మొహం వాడిపోయింది. పేరును లోపల పెట్టడం రెండు నిమిషాల పనేనట. ఆ ఏర్పాటు అందులోనే ఉందట. పంపిన నక్షాను మళ్ళీ పంపితే మాత్రం తప్పు ఒప్పుకున్నట్టు. "నౌకరీ పోతది మామా" అని నా వైపు చూశాడు. నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తోంది. చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. "పద్నాలుగు దినాలే కదా బావా, ఓపిక పట్టు" అన్నాను. సొంత అక్క గురించి. కూరలో ఉప్పు తగ్గితే గంటసేపు అరిచేవాణ్ణి, ఆ రోజు ఓపిక గురించి ఉపన్యాసం ఇచ్చాను.

బావ బుధవారం పొద్దుటి నుంచి మా గడపలో కూర్చుని గళ్ళ కాగితం మీద సొసైటీనీ మా గల్లీనీ గీశాడు. ఒక్కో ఇల్లు ఒక్కో గడి. సొసైటీ పేరును నాడా వెడల్పుగా ఉన్న పక్కన, లోపల రాశాడు. మా గల్లీ సన్నగా పొడుగ్గా ఉంటుంది కనుక దాని పేరును గల్లీ వెంబడే వాలుగా, చిన్న అక్షరాల్లో రాశాడు. పట్టింది. మధ్యాహ్నం మా ఆవిడ అన్నం పెడితే ముట్టలేదు. సాయంత్రం ఆ కాగితం తెచ్చి అల్లుడి ముందు పెట్టాడు.

"తప్పు నీదని రాయకు కొడుకా. పేరు జరిపిన అని రాయి, అంతే. ఎవడన్న అడిగితే ఇంటి ముంగటి ముసలోడు పీక్క తిన్నడు, వానికి పిచ్చి అని జెప్పు. మీ మామ గూడ సాక్ష్యం ఇస్తడు."

అల్లుడు నవ్వబోయి ఏడ్చాడు. కంప్యూటర్ ఎలకను పట్టుకుని పేరును జరిపాడు. మా గల్లీ పేరును కూడా కాగితంలో ఉన్నట్టే వాలుగా పెట్టాడు. అంత పొడుగు చదువు చదివినవాడు గళ్ళ కాగితం చూసి రాసుకోవడం నేను అప్పుడే చూశాను. ఆఫీసువాళ్ళు కొత్త నక్షా పంపారు, ఎందుకు జరిపావని ఒక్కడూ అడగలేదు. అసలు వాళ్ళు మొదటిదాన్ని చూసి ఉంటే కదా!

గురువారం పొద్దున రేకులు ఊడదీసి సొసైటీ గేటుకు మోసుకుపోయారు. అక్క ఆటో ఎక్కుతుంటే చెప్పులు కాళ్ళకు పట్టలేదు, చేత్తో పట్టుకుంది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆకలేస్తోందంది. ఆమె ఈ రోజుకీ ఉంది. నన్ను చూస్తే ఆ పద్నాలుగు దినాల మాట ఇప్పటికీ ఎత్తుతుంది, ఎత్తాలి కూడా.

సొసైటీలో కూడా మన తెలుగువాళ్ళు కొందరున్నారు. పేరు జరిపిన సంగతి అప్పటికే గల్లీ దాటి వాళ్ళ దాకా పోయింది, రేకులు పడగానే లోపలి నుంచి బావను బూతులు తిట్టారు. "ముసలోడే మా మీదికి ఎక్కిచ్చిండు" అని అరిచారు. మా గల్లీ వీరులు తక్కువా? రేకులు పోయిన మర్నాడే "ఆ పిచ్చోనికి గడియలు దగ్గరపడ్డయ్, పక్కోళ్ళ పాపం తగుల్తది" అని చాయ్ దగ్గర మాట్లాడుకున్నారు. ఆయన ధర్మమా అని కూరగాయల బండి వాళ్ళ గుమ్మాల ముందు నిలబడిన సంగతి మరిచిపోయారు.

బావ ఆ బండి దగ్గరే సంచి నింపుకుని సొసైటీ వైపు నడిచాడు. రేకుల ముందు వేసుకుని ఎక్కడానికి మా ఇంటి స్టూలు అడిగాడు.

"ఎలక్షన్ల నిలబడ్తవా బావా?" అన్నాను స్టూలు మోస్తూ.

"పేరు మనం జరిపినం రా. తిండి గూడ మనమే జరపాలె. స్టూలు గట్టిగ పట్టు."

రోజూ వెళ్ళాడు. మొదటి రోజు రేకుల అవతల నుంచి తిట్లే వచ్చాయి. మూడో రోజు సంచి అందుకున్నారు గానీ మాట లేదు. నేను కింద స్టూలు కాళ్ళు పట్టుకుని, తిట్టేవాళ్ళనూ, తిట్టించుకునేవాణ్ణీ కలిపి తిడుతూ ఉండేవాణ్ణి. ఒకరోజు కాకరకాయల సంచి పైకి పోయాక, అవతల నుంచి గాజులున్న ఒక ముసలి చెయ్యి రేకు మీదికి వచ్చింది. సంచి అందుకున్న చెయ్యి కాదు, ఇంకోటి. ఏమీ అడగలేదు. అరచెయ్యి తెరుచుకుని అలాగే ఉంది. బావ కూడా తన చెయ్యి చాపాడు. తాకకూడని రోజులవి. ఇద్దరి వేళ్ళ నడుమ జానెడు ఖాళీ, ఆ ఖాళీలోంచి ఎండ వచ్చి కింద నా కళ్ళలో పడుతోంది. మెడ నొప్పెట్టినా నేను తల దించలేదు.