వాన లేని రోజుల గొడుగాయన

మా తాతయ్యకు అమ్మమ్మ మీద ఒకే ఒక్క అనుమానం. దానికి మా అమ్మకంటే వయసెక్కువ.

యుద్ధం రోజుల్లో అమ్మమ్మ ఇంటి ముందుగదిలో గొడుగులు బాగుచేసేది. ఎదురు ప్రెస్సులో అక్షరాలు పేర్చే తాతయ్యకు కిటికీలోంచి ఆ గదంతా కనిపించేది. ఓ మీసాలాయన వారం వారం వచ్చేవాడట. అదే గొడుగు, అదే ఊచ విరిగిందని. బయట చూస్తే చినుకు జాడ ఉండదు. ఎవరాయన అనడిగితే అమ్మమ్మ నోరు మెదపదు. దాంతో కూరలో ఉప్పు తగ్గిన ప్రతిసారీ, "గొడుగాయన గుర్తొచ్చాడా ఏం?" అని తాతయ్య ఎత్తిపొడిచేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్లం. అమ్మమ్మ మాత్రం నవ్వేది కాదు. లోకం ఏమనుకున్నా సరే, ఈ మనిషి నమ్మితే చాలని ఆమె ఆశ.

యుద్ధంలో శత్రువుల కన్నుగప్పి రహస్యంగా పనిచేసినవాళ్లకు మొన్న మా ఊళ్లో స్మారకం కట్టారు. ఆనాటి సంగతులు ఇక చెప్పుకోవచ్చని రేడియోలో చెప్పారు. మర్నాడే అమ్మమ్మ హడావిడి చేసింది.

"ఏమండీ, మంచి చొక్కా వేసుకోండి. మీకొకర్ని చూపించాలి."

తాతయ్య చంకలో గొడుగుతో తయారయ్యాడు. ఆ గొడుగే! మీసాలాయన చివరిసారి దాన్ని వదిలి వెళ్లి మళ్లీ రాలేదు. కనిపిస్తే నిలదీద్దామని తాతయ్య దాన్ని అప్పటినుంచీ వెంటేసుకు తిరుగుతున్నాడు. పాపం, గుడ్డ చిరిగినప్పుడల్లా అమ్మమ్మే మార్చింది.

స్మారకం దగ్గర ఆరుబయట నల్లరాతి గోడ, దాని మీద ఫొటోలు. తాతయ్య ఒక దాని ముందు ఆగి గావుకేక పెట్టాడు.

"వీడే! వీడేనే!"

జనమంతా తిరిగి చూశారు. కాపలా అతను పరిగెత్తుకొచ్చాడు. సిగ్గుతో నేను తల దించుకున్నాను.

"వీడు అనకండీ, ఆయన అనండి" అంది అమ్మమ్మ. "ఈ గొడుగు పిడి లోపల బోలు. కబుర్లు అందులోనే పంపేవాళ్లం. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"మరి ప్రతిసారీ అదే ఊచ ఎలా విరిగిందే?"

"నేనే విరిచేదాన్ని. అంత పెద్ద పథకం వేసిన మహానుభావులు మాకిచ్చింది ఒక్కటే గొడుగు!"

"వేరే ఊచ విరవచ్చుగా?"

"చేతికి అదే అలవాటైపోయిందండీ."

కాపలా అతను కూడా ఫక్కుమన్నాడు. తాతయ్య నవ్వుతూనే అడిగాడు.

"మళ్లీ రాలేదేం మరి?"

"శత్రువులు పట్టుకుని కాల్చేశారు. ఎంత కొట్టినా నా పేరు చెప్పలేదట." అమ్మమ్మ గొంతు తగ్గింది. "అప్పటికి మన అమ్మాయి నా కడుపులో ఉంది."

 తాతయ్య ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో గొడుగు విప్పి, ఫొటోకు నీడపడేలా గోడకు ఆనించాడు.

"నీ గొడుగు బాబూ. మా ఆవిడ బాగుచేసి ఉంచింది."

అక్కడ ఏమీ పెట్టకూడదని చెప్పబోయిన కాపలా అతను అటు తిరిగి నిలబడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు తాతయ్య బట్టతల ఎండకు మాడుతుంటే అమ్మమ్మ తన చేతిసంచీ దాని మీద బోర్లించింది. ఆయన సంచీ కిందే నడిచాడు.

"ఏమండీ, ఇంక కూరలో ఉప్పు తగ్గితే ఎవర్ని అంటారు?"

"ఇకనుంచి ఉప్పు నేనే వేస్తాలే" అన్నాడు తాతయ్య.

అమ్మమ్మ నడిరోడ్డు మీద పొట్ట పట్టుకుని నవ్వింది. ఉప్పు మాటకు ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.