రావద్దన్న కూతురు, ఆడవేషం నాయన

మా చిన్నప్పుడు... శనక్కాయలు ఒలిచే రోజుల్లో ఒక మధ్యాహ్నం, రొళ్ల నుంచి మా పెద్దత్త గుండెలు బాదుకుంటూ మా ఇంటికి వచ్చింది. "అమ్మా... నన్ను ఇడ్సిపెట్టి పోతివా..." అని గడపలోనే కూలబడింది.

ఎదురుగా మా అవ్వ, చాట ముందు పెట్టుకుని కాయలు ఒలుస్తోంది!

కాసేపు తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నేను పోయింటే నీకు చెప్పకుండా పోతానేమే?" అంది అవ్వ.

సంగతేమిటంటే... అత్త బస్సు కిటికీలోంచి గోరంట్లలో మా నాయనను చూసింది. మూతి మీద మీసం లేదు. మా వైపు మగవాళ్ళు మీసం తీసేది తల్లో తండ్రో పోయినప్పుడు. లేదంటే నాటకంలో ఆడవేషం కట్టేటప్పుడు. మా నాయన సేద్యగాడే అయినా, ఎండాకాలంలో చుట్టుపక్కల ఊళ్ళలో ఏ పౌరాణిక నాటకం ఆడినా రాణి వేషం ఆయనదే. కానీ అప్పుడు చలికాలం, నాటకాలే లేవు. తాత ఎప్పుడో పోయాడు. ఇక మిగిలింది అవ్వే కదా... పాపం, అత్త తప్పేముంది!

మరి కాలం కాని కాలంలో నాయన మీసం ఎందుకు తీశాడంటే... నా కోసం. అది చెప్పాలంటే ముందు నా గొప్ప బుద్ధి గురించి చెప్పాలి.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒకడు క్లాసులో అందరి ముందూ అడిగాడు. "మీ నాయన చీర కట్టుకుంటాడంట గదా, ఇంట్లో మీ యమ్మ పంచె కట్టుకుంటాదా?" అందరూ ఒకటే నవ్వు. నేను ఇంటికి వచ్చి, ఎద్దులకు మేత వేస్తున్న నాయనతో, "నువ్వు ఇంగ మా బడి తట్టు రావద్దు" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. "సరేలే పాపా" అన్నాడు, అంతే.

రెండేళ్ళు బడి దరిదాపులకు రాలేదు. నాకు బడిలో జ్వరం వచ్చినా అమ్మే వచ్చింది.

ఎనిమిదిలో మా తెలుగు మేడం వార్షికోత్సవానికి ఒక నాటిక రాసింది. కూతురి చదువు మాన్పించి పెళ్ళి చేస్తామంటే అడ్డం నిలబడే తల్లి కథ. తల్లి వేషం నాది. మాటలన్నీ రెండు రోజుల్లో కంఠతా వచ్చేశాయి. ఏడవడం మాత్రం రాలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని నేను ఏడిస్తే, మేకపిల్ల అరిచినట్టుందని పిల్లలు పడీపడీ నవ్వారు.

"ఇట్లయితే వేషం ఇంకొకరికి ఇయ్యాల్సొస్తాది. మీ నాయన అంత పేరున్న వేషగాడు గదా, రమ్మను" అంది మేడం. నేను ఇంట్లో ఆ మాట చెప్పలేదు. చివరికి ఆమే ఇంటికి కబురు పంపింది.

ఆ సాయంత్రం నాయన నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు. "మేడం రమ్మన్నాది... నేను రావచ్చునా పాపా?"

"నీ ఇష్టం" అన్నాను. 'రా' అనలేదు.

మరునాడు గోరంట్లకు పోయి మీసం తీయించుకున్నాడు. అత్త చూసింది అప్పుడే! సాయంత్రం బడికి వచ్చాడు. "మీసం పెట్టుకొని తల్లి మాట చెప్తే నాకే అబద్ధం మాదిరి ఉంటాది మేడం" అన్నాడు.

ఒక చాట తెప్పించుకుని నేల మీద కూర్చున్నాడు. "మొగం మూసుకోవాకు పాపా. మనిండ్లల్లో ఆడోళ్ళు పని నిలిపి ఏడుస్తారా? చేస్తానే ఏడుస్తారు. చెయ్యి నిలపొద్దు. కొంగుతో ఒక్క కన్నే తుడుచుకో. రెండో కన్ను బిడ్డ మీద ఉండల్ల."

అని, ఖాళీ చాట చెరుగుతూ చేసి చూపించాడు. మొదట పిల్లలు నవ్వారు... తర్వాత ఎవరూ నవ్వలేదు.

నాకు మా అమ్మ కనిపించింది. బోరు ఎండిపోయిన ఏడాది అమ్మ అచ్చం ఇలాగే ఏడ్చేది. నాయన పొలంలో ఉంటాడు, ఆయనకేం తెలుసు అనుకునేదాన్ని. అన్నీ చూశాడు. నాకు నా మీదే సిగ్గేసింది.

వార్షికోత్సవం సాయంత్రం... అందరి ఇళ్ళవాళ్ళూ వచ్చి చాపల మీద కూర్చున్నారు. ముందు వరసలో అమ్మ, అవ్వ, నాటిక చూసే పోతానని ఆగిపోయిన అత్త. నాయన లేడు. తెర సందులోంచి వెతికితే, కాంపౌండు గోడ బయట టవలుతో మూతి కప్పుకుని నిలబడి ఉన్నాడు.

వేషానికి కట్టుకున్న అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరిగెత్తాను. "ఈడెందుకుండావు నాయనా?"

"నేర్పేదానికి మేడం పిలిచింది, వచ్చినా. చూసేదానికి నువ్వు పిలవల్యాదు గదా పాపా." ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"లోపలికి రా."

"మీసం గూడా ల్యాదు... మీ పిల్లోల్లు నగుతారు."

"నగనీ" అని చెయ్యి పట్టుకుని, అందరి మధ్యలోంచి నడిపించుకెళ్ళి అవ్వ పక్కన కూర్చోబెట్టాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. ఆ పూట చాట చెరుగుతూ, ఒక్క కన్నే తుడుచుకున్నాను. అవ్వ ఏడ్చింది. అత్త సంగతి చెప్పక్కర్లేదు, మళ్ళీ గుండెలు బాదుకుంది.

ఇప్పుడు హిందూపురంలో మా పాప బడి వార్షికోత్సవాలకు పోతుంటాను. స్పీకర్లో పాట వస్తుంది, పిల్లలు ముచ్చటగా ఎగురుతారు, మేమంతా ఫోన్లు ఎత్తి పట్టుకుంటాం. నోరు తెరిచి ఒక్క మాట చెప్పే వేషం ఏ బిడ్డకూ ఉండదు. మా ఊళ్ళో నాటకాలు నిలిచిపోయి చాలా కాలమైంది. నాయనను ఏ బడీ పిలవడం లేదు.

ఆ రోజు లోపలికైతే పిలిచాను గానీ... బయట నిలబెట్టిన ఆ రెండేళ్ళకు 'తప్పయింది నాయనా' అని ఇంతవరకూ అనలేదు. ఆయనా అడగలేదు. ఈ ఆదివారం ఊరికి పోయి చెప్తాను.

మీరూ చిన్నప్పుడు ఎవరినైనా 'మా బడికి రావద్దు' అని ఉంటే... ఎవరినో కింద రాయండి. వాళ్ళు ఉంటే మాత్రం, ముందు వాళ్ళకు చెప్పి వచ్చి రాయండి.