గుమ్మంలో కుట్టుమిషను

మా అత్తగారి గదికి తలుపు లేకపోలేదు. మూయడానికి వీలుండేది కాదు, అంతే. ఆ గదికి కిటికీ లేదు, వెలుతురంతా గుమ్మంలోంచే రావాలి. అందుకని ఆవిడ తన కాలి మిషనును గుమ్మానికి అడ్డంగా వేసుకుని పొద్దస్తమానం కుడుతూ కూర్చునేవారు. ఎవరైనా లోపలికి వెళ్ళాలంటే ఆవిడ లేచి, మిషను ఓ పక్కకి జరిపితే, పొట్ట లోపలికి పీల్చుకుని దూరాలి. పెళ్ళైన కొత్తలో నేనూ దూరేదాన్ని. ఇప్పుడు బయట స్టూలు మీదే కూర్చుని మాట్లాడి వచ్చేస్తున్నాను.

మామగారు పోయాక ఆవిడ ఆ మిషను మీదే మా ఆయన్ని చదివించారు. ఆయనకి ఉద్యోగమొచ్చి ఊరికి ఆ చివర ఫ్లాటు తీసుకున్నప్పట్నించీ "కుట్టింది చాలమ్మా, మా దగ్గరికి వచ్చెయ్" అని చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు. ఫ్లాటులో మిషను పెడితే కింద వాళ్ళు గొడవకొస్తారు. అంటే వస్తూ వస్తూ మిషను అమ్మేసి రావాలి. ఆ మాట ఎత్తగానే అత్తగారికి ఎక్కళ్ళేని చెవుడూ వచ్చేసేది.

ఆ సందు నిండా ఆవిడ ఈడువాళ్ళే. ఎదురుగా బట్టలు ఇస్త్రీ చేసే మామ్మ. పక్క గదిలో బడి ఉద్యోగం చేసి మానేసిన పంతులమ్మగారు. మలుపులో నర్సక్క. ఆస్పత్రి వదిలి ఎన్నేళ్ళైనా నర్సక్క గౌను వదల్లేదు. గుండె మీద తలకిందులుగా వేలాడే గడియారమూ వదల్లేదు. దాన్ని తగిలించుకోవడానికి ప్రతి గౌనుకీ అత్తగారు చిన్న గుడ్డ లూపు కుట్టి ఇచ్చేవారు. "నీ టైము నువ్వు చూసుకోవడానికి గౌను మీద నేను అవస్థ పడాలా అక్కా" అని ప్రతిసారీ దెప్పేవారు, ప్రతిసారీ కుట్టేవారు.

ఆ ఏడు ఊళ్ళో ఒంటరిగా ఉండే ముసలమ్మలు చనిపోవడం మొదలైంది. పట్టపగలు ఎవడో వచ్చి, గొంతు నులిమి, ఉన్నదీ లేనిదీ పట్టుకుపోతున్నాడు. వాడెవడో, ఇంట్లోకి ఎలా వస్తున్నాడో పోలీసులకి అంతుపట్టలేదు. ఏ ఇంట్లోనూ తలుపు పగలగొట్టిన జాడ లేదు. మొదట ఒకావిడ, తర్వాత ఇంకొకావిడ, ఆ తర్వాత నర్సక్క. అప్పటికి నర్సక్క కొత్త గౌను మిషను మీద సగంలో ఉంది. ఒక చెయ్యి కుట్టడం అయింది, రెండోది కాలేదు. అత్తగారు ఆ గౌనును మడిచి దాచలేదు, పూర్తి చెయ్యనూ లేదు.

పోలీసులు వచ్చి అందర్నీ తలుపులు బిగించుకోమన్నారు. సందంతా గడియలు పడ్డాయి. మా ఆయన వెళ్ళి మిషను లోపలికి ఈడ్చేసి, "ఆదివారం వ్యాను తెస్తున్నాను, ఇంక నీ మొండితనం సాగదు" అని చెప్పి వచ్చారు. ఆయన వెనక్కి తిరగగానే అత్తగారు తలుపు మూసుకుని, బల్బు వెలుతుర్లో నర్సక్క గౌనుకి రెండో చెయ్యి అతికిద్దామని కూర్చున్నారట. తీరా చూస్తే తిరగేసి కుట్టారు. పొట్టకూటికోసం మిషనెక్కిన కొత్తలో కూడా అలాంటి తప్పు చెయ్యలేదట. ఆవిడకి ఒళ్ళు మండింది. తలుపు తీసి, మిషను మళ్ళీ గుమ్మంలోకి తోసి, ఎదురింటి తలుపు దబదబా బాదారు.

"నర్సక్క తలుపు తీసుందా, మూసుందా?" అని అడిగారు ఇస్త్రీ మామ్మని.

"మూసే ఉంది కదమ్మా. అందుకే ఎవరికీ ఏమీ వినపళ్ళేదు."

"మరి వాడికి కావాల్సిన పని మనమెందుకు చేసి పెట్టాలి? నీ బల్ల బయటికి తీసుకురా."

ఆ రోజు నుంచి సందులో కొత్త పద్ధతి మొదలైంది. ముసలమ్మలందరూ పొద్దున్నే కుర్చీలు బయట వేసుకోవాలి. ఎవరి ఇంటికి ఎవరొచ్చినా అందరూ కలిసి లోపలికి వెళ్ళాలి. పంతులమ్మగారి అజీర్తి చూడ్డానికి వచ్చిన డాక్టరు చుట్టూ నిలబడి ఆవిడ ఏం తిన్నదీ, ఏం దాచిందీ వీళ్ళే చెప్పేశారు. ఆయన నెత్తీ నోరూ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మా ఆయనైతే "వీళ్ళకి చాదస్తం ముదిరింది, ఆదివారం ఎప్పుడొస్తుందో" అనేవారు.

శనివారం ఒకడు వచ్చాడు. ఉతికిన చొక్కా, చేతిలో సంచీ, మెత్తటి మాట. నీళ్ళ ఆఫీసు నుంచి కుళాయిలు చూడ్డానికి వచ్చానన్నాడు. అన్నాళ్ళు కాపలా కాసిన ఈ మహాతల్లులకి వాడి మీద కాస్తంతైనా అనుమానం రాలేదు. ఎందుకంటే పంతులమ్మగారి కుళాయి నెలల తరబడి కారుతోంది. ఆవిడ నీళ్ళ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్నారు. ఇన్నాళ్ళకి దేవుడు కరుణించాడని అందరూ వాడికి ఎదురెళ్ళారు.

"ఇంటావిడ ఒక్కరూ వస్తే చాలమ్మా. తలుపేసి చూడాలి, లోపల గాలి తగలకూడదు" అన్నాడు వాడు.

"గాలి తగిలితే కుళాయికి జలుబు చేస్తుందా నాయనా?" అంది ఇస్త్రీ మామ్మ. కాలుతున్న ఇస్త్రీపెట్టె చేత్తోనే పట్టుకుని వాడి వెనకాలే నడిచింది. పంతులమ్మగారు, అత్తగారు కూడా వంటగదిలోకి దూరారు.

వాడికి కుళాయి పని రాదు. వచ్చినట్టు నటించక తప్పలేదు. ఎటో తిప్పాడు, ఇంకెటో లాగాడు, కుళాయి ఊడి వాడి చేతిలోకొచ్చింది. నీళ్ళు గోడకి కొట్టాయి. పంతులమ్మగారి పుస్తకాలు తడిశాయి. ఆవిడ బళ్ళో వాడిన గొంతు మళ్ళీ బయటికి తీసి, "కొంప ముంచావు కదరా అబ్బాయ్, బొటనవేలు అడ్డం పెట్టు. కదిలావో చూడు" అన్నారు. వాడు గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో ఇస్త్రీపెట్టెతో మామ్మ నిలబడి ఉంది.

"బాగు చేసి కదులు నాయనా" అంది.

వాడు గొట్టానికి బొటనవేలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నిలబడలేకపోతున్నాడని అత్తగారు జాలిపడి స్టూలు తెచ్చి వేశారు. తాగడానికి నీళ్ళు కూడా ఇచ్చారు. తర్వాత మలుపు దగ్గరుండే అసలు ప్లంబరుకి కబురు పెట్టారు.

ప్లంబరు వచ్చి, ముందు వాల్వు కట్టేసి, వాడిని ఎగాదిగా చూశాడు. "నీళ్ళ ఆఫీసులో అందర్నీ ఎరుగుదును. ఇతన్నెప్పుడూ చూళ్ళేదే. నీ పానా ఏదోయ్?" అని సంచీ విప్పాడు. పానా లేదు. ఒక తాడు, దాని కింద తలకిందులుగా వేలాడేసుకునే గడియారం.

ఆ గడియారాన్ని అత్తగారు ఎరుగుదురు. "ఇది మా అక్కది" అన్నారు. వాడు దూకబోయి తడి నేల మీద జారి పడ్డాడు. ప్లంబరు ముసలమ్మల్ని బయటికి లాగి తలుపు మూశాడు, అత్తగారు గడియ పెట్టారు. పోలీసులు వచ్చేదాకా ఆ గడియ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఆదివారం మేం వ్యానుతో వెళ్ళేసరికి వీళ్ళంతా పండగ చేసుకుంటూ ఉంటారనుకున్నాను. సందులో ఒక్క తలుపూ తెరిచి లేదు. అత్తగారి తలుపు కూడా మూసి ఉంది. "ఎవరది?" అన్న గొంతు ఆవిడదే అని నేను పోల్చుకోలేకపోయాను.

లోపల మంచం మీద కూర్చుని ఉన్నారు. సూదిలో దారం ఎక్కించడానికి ప్రయత్నించారట, ఎంతకీ ఎక్కలేదట. "కాళ్ళు నొప్పెడతాయని వాడికి నేను స్టూలు వేశానే అమ్మాయ్" అన్నారు నాతో. "నా గ్లాసుతో నీళ్ళిచ్చాను. అక్కని చంపినవాడు మర్యాదస్తుడిలా కనిపించాడు నాకు. ఇంక ఎవర్ని నమ్మను? తీసుకెళ్ళరా నాన్నా, నేనింక ఇక్కడ ఉండలేను."

ఇన్నేళ్ళుగా మేం వినాలనుకున్న మాట అదే. తీరా విన్నాక నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఆ భయంతో మా ఇంటికి వస్తే ఆ గదిలోంచి వచ్చినట్టు కాదు, ఇంకో గదిలో తలుపు మూసుకున్నట్టు. మా ఆయన మాత్రం హుషారుగా మిషను ఎత్తారు. గుమ్మం దాకా మోసి, ఆయాసమొచ్చి, అక్కడే దింపారు. ఆయన లోపల ఉండిపోయారు, దారివ్వడానికి బయటికొచ్చిన నేను బయటే ఉండిపోయాను.

వెలుతురు మిషను మీద పడింది. సూది కింద నర్సక్క గౌను అలాగే ఉంది, తిరగేసి కుట్టిన రెండో చెయ్యితో. అత్తగారు కాసేపు దాన్నే చూశారు.

"ఇలా వదిలేసి వెళితే అక్క నన్ను తిట్టదూ?" అన్నారు. "ఇది ఒక్కటీ సరిచేసి బయల్దేరతాను."

వచ్చి కూర్చున్నారు. కుట్లు విప్పారు. నేను దారం ఎక్కించి ఇచ్చాను. చెయ్యి సరిగ్గా అమర్చి, మిషను తొక్కడం మొదలుపెట్టారు. ఆ చప్పుడుకి ఎదురింటి గడియ తీసిన శబ్దం వినిపించింది. మామ్మ తల బయటపెట్టి చూసి, లోపలికి వెళ్ళి బల్ల ఈడ్చుకొచ్చింది. పంతులమ్మగారు కుర్చీ తెచ్చుకున్నారు.

"అమ్మా, వ్యాను ఆగి ఉంది" అన్నారు లోపల్నించి మా ఆయన, మిషను దాటి రాలేక.

"లూపు కుట్టొద్దూ?" అన్నారు అత్తగారు.

హారన్ కొట్టీ కొట్టీ విసుగొచ్చి వ్యాను డ్రైవరు దిగి సందులోకి వచ్చాడు. కొత్త మనిషి. మిషను ఆగిపోయింది. మామ్మ చెయ్యి ఇస్త్రీపెట్టె మీదకి వెళ్ళింది. అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ క్షణంలో ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోతారనే అనుకున్నాను, ఆవిడ చెయ్యి పట్టుకుందామని ముందుకి వంగాను.

అత్తగారు లేవలేదు. అతన్ని కిందినుంచి పైదాకా నిదానంగా చూశారు. చూపు చొక్కా దగ్గర ఆగింది.

"గుండీ ఊడిపోయిందేం బాబూ? ఇలా రా, కుట్టి పెడతాను" అన్నారు. గొంతు ఇంకా కాస్త వణుకుతూనే ఉంది. "లోపలికి కాదు. ఇక్కడే, వెలుతుర్లో నిలబడు."