ర్యాంపు నేనే ఎక్కించాను

చిన్నప్పటి పోలియో వల్ల నా కాళ్లు పనిచేయవు. బ్రేకు, యాక్సిలరేటరు ఒకే లీవరుతో చేత్తో నడిపేలా మార్పించుకున్న కారులో ఉప్పల్ నుంచి బడికి వెళ్లి పాఠాలు చెప్తాను. పోయిన వేసవిలో ఆ కారు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి లీవరు మీదే ఉండే నాకు అది ప్రమాదం.

ఉప్పల్‌లో అడిగిన చోటల్లా, "ఇసొంటి బండి మేం ముట్టం" అన్నారు. చివరికి నాచారంలో చక్రాల వరస సరిచేసే ఒక అలైన్‌మెంట్ షాపాయన ఒప్పుకున్నాడు. నన్ను కారు దింపి, చక్రాలు చూసే ర్యాంపు మీదికి నడపమని మెకానిక్‌ను కూర్చోబెట్టాడు. లీవరు ఎటు నొక్కాలో తెలియక అతను నొక్కేసరికి కారు గోడ దాకా దూకి ఆగింది.

"తీస్కపోండ్రి మేడం, మాతోని కాదు" అన్నాడు షాపాయన.

"నేనే ర్యాంపు ఎక్కిస్తానన్నా. మీరు ముందు నిలబడి చక్రాలు చూసి చెప్పండి, చాలు."

మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నాను. ర్యాంపు ఇరుకు పట్టాల మీద సగం ఎక్కాక కారు మళ్లీ ఎడమకే లాగింది. "ఆపుండ్రి, టైరు అంచుకొచ్చింది" అని అరిచాడు. బ్రేకు బిగబట్టాను. ఇక్కడ వదిలేసి వెళ్లిపోతే ఇంకెవరినో బతిమాలాలి. మెల్లగా వెనక్కి తెచ్చి, మళ్లీ ఎక్కించాను.

పని అయ్యాక, కారు సరిగ్గా పోతోందో లేదో చూడ్డానికి ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. నాచారం రోడ్డు మీద కారు గీత గీసినట్టు సాగింది.

"మళ్లొస్తే ఎవర్నీ అడగకుండ్రి మేడం, సీదా ర్యాంపు మీదికే తీస్కరాండ్రి" అన్నాడు.

కారు పనికి ఎక్కడికెళ్లినా ఎవరినో బతిమాలే అలవాటు నాకు ఆ రోజుతో పోయింది.